మంట దొరుకుతుంది, ఇసుక తప్పించుకుంటుంది
ఉపగ్రహ చిత్రాలు అనంత రైతుకు ఎంతవరకు అక్కరకు వస్తాయి?

అనంతపురం: ఎండాకాలంలో గుట్ట మీద బోదగడ్డి అంటుకుంటే, కింద ఊళ్లో వాళ్లు తలెత్తి చూడకముందే అటవీశాఖ సిబ్బంది సెల్‌ఫోనుకు కబురు వచ్చే రోజులివి. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం ఆ మంటను చూసిందన్నమాట. అదే జిల్లాలో బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు, గోవిందవాడ ప్రాంతాల్లో ఆషాఢ మాసపు గాలికి హగరి ఇసుక లేచి పొలాల మీద పడుతున్నప్పుడు మాత్రం ఏ ఫోనుకూ కబురు రాదు. గుట్ట మీది గడ్డి మంటను పట్టుకునే కన్నుకు ఎకరాల కొద్దీ సేద్యపు భూమిని మింగే ఇసుక ఎందుకు ఆనదు? ఇందులో సర్కారు అశ్రద్ధ కొంత వుంటే వుండవచ్చు గాని, అసలు కారణం గాలిలో వుంది, ఇసుక రేణువు బరువులో వుంది. అది తెలుసుకుంటే ఉపగ్రహం నుంచి మనం ఏం అడగాలో, ఏం అడిగి లాభం లేదో తేలుతుంది.

మంటను పట్టేది వేడి

ఉపగ్రహం మంటను పసిగట్టేది వెలుగును బట్టి కాదు, వేడిని బట్టి. కాలే వస్తువు నుంచి మన కంటికి కనిపించని పరారుణ కిరణాలు వస్తాయి. చుట్టుపక్కల నేలతో పోల్చితే ఒకచోట అవి బాగా ఎక్కువగా వుంటే అక్కడ మంట వున్నట్టు యంత్రం లెక్కకడుతుంది. అమెరికా వారు 1999లో పంపిన టెర్రా, 2002లో పంపిన ఆక్వా ఉపగ్రహాల చిత్రాల్లో వేడిని చూపే ఒక్కొక్క గడి కిలోమీటరు చదరం, అంటే సుమారు 247 ఎకరాలు. 2011లో పంపిన సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహంలో ఆ గడి 375 మీటర్లకు తగ్గింది. మన లెక్కలో దాదాపు 35 ఎకరాలు. అంత గడి అంతా మండనక్కరలేదు. ఒక మూల గట్టిగా అంటుకున్నా ఆ వేడికి గడి మొత్తం బయటపడుతుంది.

ఈ ఉపగ్రహాల సమాచారాన్ని హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం వారి స్టేషన్ అందుకుంటుంది. అక్కడ నుంచి డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థకు, వారి నుంచి రాష్ట్రాల అటవీశాఖలకు, చివరకు రేంజి, బీటు సిబ్బంది వరకు కబురు నడుస్తుంది. ఈ ఏర్పాటు 2004లో మొదలయింది. 2017 నుంచి 375 మీటర్ల చిత్రాలు కూడా వాడుతున్నారు. ఇది అటవీశాఖ సొంత వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కాదు. పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులకు కూడా ఆ కబురు పంపుతారు. పంచాయతీ సర్పంచులు, గొర్రెల పెంపకందార్ల సంఘాలవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా వున్న జిల్లాల్లో మనది ఒకటి. గుట్ట కాలితే పోయేది మందల మేత.

అయితే ఈ కాపలాకు రెండు పెద్ద సందులున్నాయి. మొదటిది హద్దు. కబురు అడవి హద్దుల లోపలి మంటకు వస్తుందిగాని రెవెన్యూ గుట్టకు, బంజరుకు, పట్టా పొలానికి సాధారణంగా రాదు. మన జిల్లాలో గుట్టలన్నీ రిజర్వు అడవులు కావు కదా. రెండవది వేళ. సువోమి, దాని తరువాత వచ్చిన అదే జాతి ఉపగ్రహాలు మన మీదుగా పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో, తిరిగి రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో పోతాయి. సాయంత్రం ఐదింటికి అంటుకుని రాత్రి పదింటికి ఆరిన మంట ఆ రెండు చూపుల మధ్య జారిపోతుంది.

ఈ సందు ఎంత పెద్దదో పంజాబులో బయటపడింది. అక్కడ వరి కోసిన తరువాత అక్టోబరు, నవంబరు నెలల్లో కొయ్యకాళ్లను తగలబెడతారు. ఉపగ్రహం లెక్కపెట్టిన మంటల సంఖ్య 2024లో బాగా తగ్గింది. అందరూ సంతోషించారు. కాని గాలిలో పొగ ఆ మేరకు తగ్గలేదు. నాసాలో పనిచేసే హిరేన్ జేత్వా అనే శాస్త్రవేత్త, భూమితో పాటు తిరుగుతూ రోజంతా ఒకే ప్రాంతాన్ని చూసే కొరియా ఉపగ్రహం చిత్రాలు తిరగేసి, ఉపగ్రహం దాటిపోయిన తరువాత మధ్యాహ్నం వేళ మంటలు పెడుతున్నట్టు ఎత్తిచూపాడు. రైతులు కావాలనే వేళ మార్చారా, కూలీల వీలునుబట్టి మారిందా అన్నది వేరే తర్కం. మంటల అంకెను చూసి మురిసిపోరాదన్నది మాత్రం తేలింది. పోలీసు బీటు వేళ తెలిసిన ఊళ్లో దొంగతనాలు తగ్గాయని చెప్పినట్టే ఇదీను.

ఇంకొక చిక్కు, అబద్ధపు మంటలు. సిమెంటు, ఉక్కు కర్మాగారాల బట్టీలు, ఎండకు మెరిసే సోలారు పలకలు అప్పుడప్పుడు మంటలాగా నమోదవుతాయి. అందుచేత కబురు వచ్చినంత మాత్రాన మంట వున్నట్టు కాదు, రానంత మాత్రాన లేనట్టూ కాదు.

పొగది వేరే కథ

మంట చిన్నదైనా పొగ చాలా దూరం పోతుంది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు గుమ్మరించవలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందిపూర్ అడవి తగలబడ్డప్పుడు ఎంత కాలిందో తేల్చింది ఉపగ్రహ చిత్రాలే. పదివేల ఎకరాలకు పైగా బూడిదయిందని దూర సంవేదన కేంద్రం లెక్కకట్టింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లమల, శేషాచలం, పడమటి కనుమల అడవులు కాలే రోజుల్లో ఆ పొగ గాలి వాలును బట్టి జిల్లాలు దాటుతుంది. మనకు ఆకాశం కొంచెం పాలిపోయినట్టు కనబడుతుంది, అంతే.

పొగ రేణువులు చాలా సన్ననివి. సూర్యకాంతిలో నీలి వన్నెను ఎక్కువగా చెదరగొడతాయి. అందువల్ల పైనుంచి తీసిన ఫోటోలో పొగ నీలం కలిసిన బూడిద రంగు తెరలాగా పచ్చని అడవి మీద స్పష్టంగా కనబడుతుంది. దుమ్ము గోధుమ రంగులో వుంటుంది. సముద్రం మీదికి పోయిన దుమ్మునైతే చిన్నపిల్లవాడు కూడా గుర్తుపట్టగలడు. 2020 జూన్‌లో ఆఫ్రికాలోని సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా పక్కన కరీబియన్ దీవుల దాకా పోవడాన్ని ఉపగ్రహాలు రోజురోజూ ఫోటో తీశాయి. 2022 జనవరిలో పాకిస్తాన్ వైపు నుంచి లేచిన దుమ్ము అరేబియా సముద్రం మీదుగా వచ్చి బొంబాయి నగరాన్ని కప్పింది. నల్లని నీటి మీద గోధుమ చార ఎంత బాగా కనబడుతుందో వేరే చెప్పాలా!

మన దగ్గర కింద నేల కూడా అదే రంగు. ఎర్ర నేల మీద ఎర్ర దుమ్ము లేస్తే పైనుంచి ఫోటోలో ఏది నేలో ఏది దుమ్మో విడదీయడం కష్టం. శాస్త్రజ్ఞులు దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి అతినీలలోహిత కిరణాలతో చూడడం. 1978లో ఓజోను పొరను కొలవడానికి పంపిన నింబస్-7 ఉపగ్రహం ఈ సంగతి అనుకోకుండా బయటపెట్టింది. ఆ కిరణాల్లో నేల నల్లగా కనిపిస్తుంది గనుక దానిపై తేలే దుమ్ము, పొగ తెలిసిపోతాయి. రెండవది, రెండు రకాల వేడి కిరణాల తేడా చూడడం. దుమ్ముపొర ఒకదాన్ని ఎక్కువగా ఆపుతుంది, మంచు రేణువులున్న మబ్బు రెండవదాన్ని ఎక్కువగా ఆపుతుంది. మన ఇన్సాట్-3డి వంటి ఉపగ్రహాల్లో ఈ రెండు కళ్లూ వున్నాయి. రాత్రిపూట కూడా పనిచేస్తాయి. కాని వాటి గడి నాలుగు కిలోమీటర్ల చదరం, అంటే దాదాపు నాలుగు వేల ఎకరాలు. రాజస్థాన్ తుఫాను దుమ్ముకు అది చాలు. ఒక ఊరి పొలాల్లో లేచిన దుమ్ముకు చాలదు.

దుమ్ము వేరు, ఇసుక వేరు

మన జిల్లా గాలి సంగతి తెలిసినదే. సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే వాన దించుకుని, వట్టి గాలిగా మన మీదికి వస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలి ఆగదు. ఆ గాలిని నమ్ముకునే 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టారు. అదే గాలి దుక్కి దున్ని వాన కోసం ఎదురుచూస్తున్న మెట్ట పొలం మీద ఇంకో పని చేస్తుంది. మన్నులో మెత్తని భాగాన్ని, అంటే సారమున్న భాగాన్ని, ముందుగా ఎత్తుకుపోతుంది. బరువైన ఇసుక, గులకరాయి మిగులుతాయి. ఎర్ర చెలకలు ఏటికేడు గులకతేలడానికి వానకోత ఒక కారణమైతే గాలికోత ఇంకొకటి. వేరుశనగ విత్తే అదను తప్పి నేల బోడిగా వున్న ఏడు ఈ నష్టం రెట్టింపు.

ఇట్లా లేచిన సన్నని దుమ్ము మిల్లీమీటరులో పదహారో వంతు కంటే చిన్నది. ఇది గాలిలో తేలుతుంది, దూరం పోతుంది. ఉపగ్రహానికి ఎంతో కొంత అందేది ఇదే. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఇస్రో సహాయంతో ఏళ్ల తరబడి ఈ సూక్ష్మ రేణువుల మీద పరిశోధన జరుగుతూ వచ్చింది. సూర్యుని వైపు యంత్రం గురిపెట్టి, గాలిలోని రేణువుల వల్ల కాంతి ఎంత తగ్గిందో కొలుస్తారు. వేసవిలో ఈ మసక ఎక్కువని వారి కొలతలు చెబుతున్నాయి. కింద నుంచి ఇట్లాంటి కొలత లేకపోతే పైనుంచి ఉపగ్రహం చెప్పే అంకె నిజమో కాదో తేల్చేవారుండరు. ఈ పని పేపర్లలో పడకపోయినా విలువైనది.

కాని హగరి ఇసుక తేలేది కాదు. ఇసుక రేణువు బరువైనది. గాలికి ఎగిరి, కొంచెం దూరంలో పడి, పడిన చోట ఇంకో రేణువును ఎగరగొట్టి, గెంతుకుంటూ పోతుంది. చాలాభాగం మోకాలెత్తులోనే. పొలంలో నిలబడ్డవాని పిక్కలకు సూదుల్లాగా గుచ్చుకునేది ఇదే. ఆకాశంలోకి లేవదు గనుక తెరగా కనిపించదు. పైగా అది కదిలే నెలల్లోనే మబ్బు కమ్మి వుంటుంది. వాన పడని మబ్బు మనకు ఎందుకూ కొరగాకపోయినా ఉపగ్రహం కన్ను మూయడానికి మాత్రం సరిపోతుంది! ఆషాఢ గాలిలో ఇసుక నడిచేటప్పుడు దాన్ని ఫోటో తీయడం అందువల్ల దాదాపు అసాధ్యం. అది కావాలని ఎవరైనా అర్జీ పెట్టినా ఫలితం వుండదు.

జరుగుతున్నది కాదు, జరిగినది

మరి ఉపగ్రహం మనకు దండగేనా? కాదు. దాని అసలు ఉపయోగం ఇక్కడే మొదలవుతుందని మా అభిప్రాయం. గాలి ఆగిన తరువాత ఇసుక ఎక్కడికి చేరిందో, మంట ఆరిన తరువాత గుట్ట ఎంత మేర నల్లబడిందో, ఆ మచ్చ నేల మీదే వుంటుంది. మచ్చ పారిపోదు. మన జిల్లాలో నవంబరు నుంచి మే దాకా ఆకాశం ఎక్కువగా తేటగానే వుంటుంది. కరువు సీమకు దక్కిన కొద్ది సౌకర్యాల్లో ఇదొకటి అనుకోవాలి.

ఉపగ్రహ చిత్రాల్లో వాడుకలో వున్న రంగుల పద్ధతి వేరు. పచ్చని పైరు ఎర్రగా, కాలిన చోటు నల్లగా, ఇసుక తెల్లగా కనబడతాయి. అమెరికా ల్యాండ్‌శాట్ వరుసలో మొదటి ఉపగ్రహం 1972లో పోయింది. 1980ల నుంచి దాని చిత్రంలో గడి 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి వచ్చాయి. వాటి గడి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. అయిదు రోజులకొకసారి అదే చోటికి వస్తాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, సెంటినెల్ చిత్రాలు మొదటి నుంచీ ఉచితం. మన దేశం 1988లో పంపిన ఐఆర్ఎస్-1ఎ మొదలుకొని మన చిత్రాలూ వున్నాయి. అంటే హగరి గట్టున ఒక సర్వే నంబరు మీద నలభై ఏళ్లలో ఇసుక ఎంత దిగిందో చూడడానికి కావలసిన సరంజామా ఎప్పుడో సిద్ధంగా వుంది. వెతికి, కలిపి, ఊరివారి ముందు పెట్టేవారే కావాలి.

దేశం మొత్తానికి ఈ పని జరగకపోలేదు. అహ్మదాబాదులోని ఇస్రో అంతరిక్ష ప్రయోగాల కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో ఎడారీకరణ పటాలు అచ్చువేసింది. 2021లో వచ్చిన పటం ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9 కోట్ల 78 లక్షల హెక్టార్ల భూమి, అంటే మొత్తం విస్తీర్ణంలో 29.77 శాతం, సారం చెడిన నేల. గాలికోతను అందులో వేరుగా చూపారు. ఎడారి అభివృద్ధి కార్యక్రమం 1977-78లో మొదలయింది, తరువాత అందులో అనంతపురం జిల్లాను కూడా చేర్చారు. కాని రాష్ట్రపు రంగుల పటంలో దర్గా హొన్నూరు ఒక చుక్క. రైతుకు కావలసింది చుక్క కాదు, తన చేను.

పరిహారం మెలిక

ఇక్కడే అసలు కష్టం వుంది. వరద వచ్చి పొలంలో ఇసుక మేట వేస్తే, మూడంగుళాల మందం దాటితే, దాన్ని తీసివేయడానికి విపత్తు సహాయనిధి నిబంధనల్లో చిన్న, సన్నకారు రైతుకు సాయం వుంది. ఆ నిధికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుఫాను, కరువు, వరద, అగ్నిప్రమాదం, వడగండ్ల వాన, మిడతల వంటి చీడపీడలు, చలిగాలులు కూడా వున్నాయి. గాలి తెచ్చిపోసే ఇసుక లేదు. అదే ఇసుక, అదే పొలం, అదే మందం. నీరు తెస్తే విపత్తు, గాలి తెస్తే తలరాత!

ఇందులో ఒక వెసులుబాటు మాత్రం వుంది. జాబితాలో లేని స్థానిక విపత్తును రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించి, రాష్ట్ర విపత్తు నిధిలో పది శాతం వరకు దానికి ఖర్చు పెట్టుకోవచ్చు. అట్లా ప్రకటించాలంటే నష్టం ఎంతో, ఏ ఏడు ఎంతో, ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలో చూపాలి. రైతు నోటిమాటగా చెబితే అధికారి రాసుకుంటాడు, ఫైలు కదలదు. పదేళ్ల చిత్రాలు పక్కపక్కన పెట్టి సర్వే నంబరు హద్దు గీసి చూపితే తోసిపుచ్చడం అంత తేలిక కాదు.

ఈ పటం జిల్లా కేంద్రంలో కూర్చుని గీస్తే మాత్రం తప్పులు దొర్లుతాయి. దున్ని ఎండిన పొలం కూడా చిత్రంలో తెల్లగానే వుంటుంది. తెల్లనిదల్లా ఇసుక అనుకుంటే ఊరంతా ఎడారిగా తేలుతుంది, పచ్చగా వున్నదల్లా పైరు అనుకుంటే కంపచెట్ల దిబ్బ పంటభూమిగా తేలుతుంది. ఒకే నెలలో తీసిన చిత్రాలను పోల్చాలి. ఆ ఏడు ఏ చేను బీడుగా వున్నదో ఏ చేను సాగయినదో చెప్పగలిగిన ఊరి మనిషి పక్కన కూచోవాలి. ఒక ఏడాదిలో దిబ్బ జరిగిన దూరం గడి కంటే తక్కువ వుండవచ్చు. అయిదేళ్లకొకసారి చూస్తే తేడా దొరుకుతుంది.

ఇసుకను నిలబెట్టే విద్య కొత్తది కాదు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, 1959లో ఈ పేరు పెట్టిన నాటి నుంచి, రాజస్థాన్‌లో దాన్ని చేసి చూపింది. దిబ్బ మీదికి పశువులు పోకుండా చుట్టూ కంచె, గాలికి అడ్డంగా కంప వరుసలు, వాటి సందుల్లో గడ్డి, ఆ తరువాత చెట్లు. మన మెట్ట పొలాలకైతే గాలికి అడ్డంగా కంది సాళ్లు, గట్ల మీద చెట్ల వరుస, కోత తరువాత మొదళ్లను పీకకుండా వదలడం వంటివి. ఇవన్నీ చెప్పినంత తేలిక కాదు. వంటకు, పశువులకు మొదళ్లు కావలసిన ఇంట్లో వాటిని పొలంలో వదలమని చెప్పేవానికి ముందు మేత చూపించాలి. నాటిన చెట్లు బతికాయో లేదో మాత్రం కాగితాల మీద కాక చిత్రంలో చూసుకోవచ్చు. మూడేళ్లు గడిచినా చిత్రంలో ఎర్ర చుక్క పడని ప్లాంటేషన్‌కు బిల్లు ఎట్లా చెల్లిందని గ్రామసభలో ఎవరైనా అడగవచ్చు.

గుట్టల సంగతీ ఇంతే. ఒంటిగంటన్నర చూపుకు దొరకని మంట కూడా కాలిన మచ్చను వదిలిపోతుంది. తొలకరి పడి గడ్డి మొలిచేవరకు ఆ నలుపు చిత్రంలో వుంటుంది. పెనుకొండ, కదిరి వైపు గుట్టలు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి గాని, మంటకు ఆ గీత తెలియదు. రెండు జిల్లాల అటవీ అధికారులు మే నెలాఖరు చిత్రం ఒకటి తీసి, ఏ గుట్ట వరుసగా మూడేళ్లు కాలిందో గుర్తిస్తే అగ్గిబాటలు ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. ఇప్పుడు కొట్టే బాటలు రోడ్డు పక్కన ఎక్కువ, జీపు పోని చోట తక్కువ.

హగరి గ్రామాల వరకు వస్తే, ఆషాఢ గాలులు శ్రావణంలో సన్నగిల్లి, ముసురు విడిచి, కార్తీకంలో ఆకాశం తేటపడుతుంది. ఆ నెలలో సెంటినెల్ తీసిన చిత్రం ఒకటి, అయిదేళ్ల కిందటి అదే నెల చిత్రం ఒకటి, వాటి మీద గ్రామ పటం గీతలు వేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించడానికి అయ్యే ఖర్చు రెండు పెద్ద కాగితాల అచ్చుఖర్చు మాత్రమే.